ఎండాకాలం ప్రాక్టీసు: "ఇంకొక్క రౌండే సార్" అంటే అక్కడే ఆపండి

మొన్న పొద్దున మా గ్రౌండులో ఐదువేల మీటర్లకి తయారవుతున్న ఇంటర్ కుర్రాడు పదో రౌండులో గీత దాటి పక్క ట్రాకులోకి పోయాడు. ఎన్నో రౌండురా అంటే "ఆరు" అన్నాడు. ఇంకో యాభై అడుగులకి కూలబడ్డాడు. బకెట్లకి బకెట్లు నీళ్ళు పోసి ఆసుపత్రికి తీసుకుపోయాం, బతికాడు. రెండు రౌండ్ల ముందే కళ్ళు మసకేస్తున్నాయని పక్కవాడితో చెప్పాడట. "ఇంకొక్క రౌండే కదా, లాగెయ్" అన్నాడట వాడు. నేను చూసినంతలో పిల్లల్ని ముంచేది ఆ మాటే.

నీళ్ళు తాగండి, పొద్దున్నే పరిగెత్తండి అని నేను చెప్పక్కర్లేదు. కాకపోతే నెల్లూరులో పొద్దున్నే అంటే చల్లగా అని కాదు. సముద్రపు గాలిలో తేమకి ఐదింటికే చెమట కారుతుంది గానీ ఆరదు. ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. సముద్రానికి దూరంగా ఉండే కనిగిరి వైపు ఇంకో తంటా: చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయి ఎంత పోయిందో తెలియదు.

ఒంటి మాట వినడం కూడా నేర్పాల్సిందే. వారానికి రెండు రోజులు వాచీలు, ఇయర్‌ఫోన్లు నా సంచిలో వేయిస్తా. మొదటి రౌండంతా ధ్యాస అడుగుల చప్పుడు మీద: రెండు పాదాలూ ఒకేలా పడుతున్నాయా? రెండో రౌండు ఊపిరి. మూడోది దవడ, భుజాలు, పిడికిళ్ళు: బిగబట్టారా? ఆగగానే ఎంత కష్టంగా ఉందో పదికి ఎన్నో చెప్పాలి, ఆ తర్వాతే టైము చూపిస్తా. కొత్తలో అందరూ "నాలుగే సార్" అంటారు, మొహం చూస్తే ఎనిమిది. కొన్ని వారాలకి ఆ అబద్ధం తగ్గుతుంది. మనసు ఎటో పోతే మళ్ళీ ఊపిరి దగ్గరికి తెచ్చుకోవడం, ఏకాగ్రత అంటే నాకు తెలిసింది అంతే.

ఇక మిగతావి. తేలిక పరుగులో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతే వేగం తగ్గించండి. మంచం దిగకముందే నాడి చూసుకోండి, నిమిషానికి రోజూ కంటే పది ఎక్కువ కొట్టుకుంటే ఆ పూట సెలవు. పరుగుకి ముందూ వెనకా తూకం చూడండి: కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు. పెరిగితే ఇంకా భయపడండి, ఉత్త నీళ్ళు ఎక్కువై ఒంట్లో ఉప్పు పలచబడుతుంది. కాలి నొప్పిని ఒక్క వేలితో చూపించగలిగితే అది ఎముక కావచ్చు, డాక్టరుకి చూపించండి. మైపాడు బీచి ఇసుకలో మొదటిరోజే ఐదు కిలోమీటర్లు వద్దు. జ్వరం తగ్గిన మర్నాడు రావద్దు. పరుగు మధ్యలో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఈసీజీ తీయించి డాక్టరు సరేననేదాకా గ్రౌండు గేటు తొక్కొద్దు.

"చెమట పడుతోందిగా, వడదెబ్బ కాదులే" అనొద్దు. పరుగులో తగిలే వడదెబ్బకి చెమట కారుతూనే ఉండొచ్చు. అడుగు తూలినా, మాట తడబడినా, రౌండ్ల లెక్క తప్పినా, ఊరికే కసురుకున్నా ఆపండి. అప్పటికే లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు. ఒకరు 108కి ఫోను చేయండి, మిగిలినవాళ్ళు బండి వచ్చేదాకా నీళ్ళలో ముంచండి, తల మాత్రం పైన పట్టుకోండి. తెలివిలో లేనివాడి నోట్లో నీళ్ళు పోయొద్దు. "ఇంకొక్క రౌండే" అన్నవాడు జిల్లా ఫస్టయినా సరే, చెట్టు కింద కూర్చోబెట్టండి. నీళ్ళ డ్రమ్ము నిండకుండా విజిల్ ఊదొద్దు.