బీరుకీ మొప్పలుంటాయి: డెల్టా ఊళ్లలో తాజా పిల్స్‌నర్ వెతికి పట్టుకోవడం ఎలా

చేపల బజారులో మనమెవరం గుడ్డిగా కొనం. పండుగప్ప అయినా బొచ్చె అయినా మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం, కన్ను చూస్తాం, వేలితో నొక్కి చూస్తాం, అప్పుడు గానీ బేరం మొదలెట్టం. కల్లు సంగతైతే చెప్పనే అక్కర్లేదు, తెల్లారగట్ల దింపిన కుండకీ ఎండెక్కాక మిగిలిన కుండకీ తేడా తాగనివాళ్లక్కూడా తెలుసు. అలాంటి మనమే బ్రాందీ షాపు దగ్గర నిలబడితే మాత్రం ఒక్కటే అడుగుతాం: "కూలింగ్ ఉందా?" ఉంటే డబ్బులిచ్చి వచ్చేస్తాం. ఆ సీసా ఎప్పటిదో, ఇన్నాళ్లూ ఎక్కడ పడి ఉందో అడగం.

బీరు కూడా పాడయ్యే సరుకే. విస్కీలా ఏళ్ల తరబడి అలాగే ఉండదు. అందులోనూ పిల్స్‌నర్ అనే రకం ఇంకా సున్నితం. ముద్దపప్పులో వేసిన నెయ్యి మంచిది కాకపోతే మొదటి ముద్దకే తెలిసిపోతుంది, అదే మసాలా దట్టించిన కూరలో వేస్తే కనిపెట్టలేం. పిల్స్‌నర్ ముద్దపప్పు లాంటిది. లేత రంగు, మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తియ్యదనం కొంచెం, హాప్స్ (బీరులో చేదు కోసం వేసే ఒక తీగ పువ్వు) చేదు, ఆ పువ్వు వాసన, ఇంతే ఉంటుంది. దాచుకోవడానికి వేరే రుచేదీ లేదు కాబట్టి ఏ కాస్త పాతబడినా బయటపడిపోతుంది.

పుట్టుక చెబుతాను, ఎందుకంటే ఏం వెతకాలో దాన్నిబట్టే తెలుస్తుంది. 1842లో, ఇప్పుడు చెక్ రిపబ్లిక్‌లో ఉన్న పిల్సెన్ అనే ఊళ్లో, బవేరియా నుంచి వచ్చిన జోసెఫ్ గ్రోల్ అనే ఆయన దీన్ని మొదట కాచాడు. అప్పటిదాకా అక్కడి బీర్లు చాలావరకు ముదురు రంగులో ఉండేవి. లేతగా ఆరబెట్టిన మాల్టు, ఆ ఊరి తేలికపాటి నీళ్లు, సాజ్ రకం హాప్స్, చల్లటి నేలమాళిగల్లో వారాల తరబడి నిలవ, ఇవన్నీ కలిసి బంగారు రంగులో అద్దంలా మెరిసే బీరు వచ్చింది. పిల్సెన్ ఊరిది కాబట్టి పిల్స్‌నర్. ఇవాళ ప్రపంచమంతా తాగే లేత రంగు లాగర్లలో (చల్లటి చోట నెమ్మదిగా పులియబెట్టే బీర్లు) చాలావాటికి అదే మూలం.

ఇక మన షాపుల్లో. రాజమండ్రిలో గానీ, భీమవరంలో గానీ, అమలాపురంలో గానీ లేబులు మీద పిల్స్‌నర్ అని రాసి ఉన్న సీసా దొరకడం కష్టమే. దొరికేవి ఆ కుటుంబంలో పుట్టిన లేత లాగర్లు. కింగ్‌ఫిషర్ ప్రీమియం, కార్ల్స్‌బర్గ్, హైనెకెన్ లాంటివి. బడ్వైజర్‌లో బియ్యం కూడా వాడతారు కాబట్టి ఇంకా పలచగా అనిపిస్తుంది. ముందు తెలుసుకోవాల్సింది స్ట్రాంగ్, లైట్ తేడా. మన దేశంలో ఆల్కహాల్ 5 శాతం దాటితే స్ట్రాంగ్ కింద లెక్క, 8 శాతం దాకా ఉండొచ్చు. పిల్స్‌నర్ రుచి కావాలంటే 5 శాతం, అంతకు కాస్త తక్కువ ఉన్నదే తీసుకోవాలి. మీరు ఊరికే "బీరివ్వండి" అంటే చాలా షాపుల్లో చేతికొచ్చేది స్ట్రాంగే, కాబట్టి "లైట్" అని గట్టిగా చెప్పండి. లేబులు మీద పదార్థాలు రాసి ఉంటే అవీ చదవండి. నీళ్లు, మాల్టు, హాప్స్ మాత్రమే ఉంటే పిల్స్‌నర్‌కి దగ్గర, చక్కెర, బియ్యం, మొక్కజొన్న కనబడే కొద్దీ దూరం.

అసలు పని తేదీ దగ్గరుంది. సీసా అయితే వెనక లేబులు మీదో మెడ దగ్గరో, టిన్ను అయితే అడుగున, తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. మామూలుగా ఆరు నెలల్లోపు వాడమని రాస్తారు. ఆ ఆరు నెలల్ని నమ్ముకోకండి. అది తాగినా ఫర్వాలేదనే గడువు, రుచి గ్యారంటీ కాదు. బీరు తయారీదార్ల మధ్య 3-30-300 అని ఒక మోటు లెక్క ఉంది: సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉన్నా, 22 డిగ్రీల్లో 30 రోజులు ఉన్నా, ఫ్రిజ్ చల్లదనంలో 300 రోజులు ఉన్నా బీరు దాదాపు ఒకేలా పాతబడుతుందని. 32 డిగ్రీలు మనకి ఎండాకాలమే కాదు, వానాకాలం మధ్యాహ్నం కూడా. రోహిణి కార్తెలో రేకుల షెడ్డు గోడౌన్ సంగతి మీరే ఊహించుకోండి. అందుకని నా పద్ధతి ఇది: నెలన్నర లోపుదైతే కళ్లు మూసుకుని తీసుకుంటాను, మూడు నెలలు దాటితే వదిలేస్తాను, మధ్యలోదైతే ఆ షాపు ఎలా నిలవ చేస్తుందో చూసి తేల్చుకుంటాను.

నమ్మకం కుదరకపోతే ఒకసారి ఈ పరీక్ష చేయండి. రెండేళ్ల కిందట మా బావగారు పాలకొల్లు వచ్చినప్పుడు చేశాం. ఒకే కంపెనీ, ఒకే రకం టిన్నులు రెండు, ఒకటి మూడు వారాలది, ఇంకోటి అయిదు నెలలది. రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఒకే రాత్రి పెట్టి, ఒకే రకం గాజు గ్లాసుల్లో పోశాం. కొత్తదాని నురగ తెల్లగా, చిక్కగా లేచి అంచు దగ్గర నిలబడింది, ముక్కు దగ్గర పెడితే కోసిన గడ్డి, కొంచెం తేనె, ఏదో పువ్వు, గుటక వేశాక నాలుక చివర శుభ్రమైన చేదు. పాతది రంగులో పెద్ద తేడా లేదు గానీ, వాసన చూస్తే వానలో తడిసిన అట్టపెట్టె. నిజంగా అదే వాసన. చేదు మొద్దుబారింది, ఎక్కడినుంచో జీళ్లపాకం తియ్యదనం వచ్చి చేరింది. బావగారు రెండోసారి వాసన చూసి, "ఇన్నాళ్లూ బీరంటే ఇదే అనుకున్నానే!" అన్నారు, పాత గ్లాసు చూపించి. లోపల మిగిలిన కాస్త గాలి బీరుతో కలిసి చేసే పని అది, వేడి దాన్ని తొందరపెడుతుంది.

రెండో శత్రువు వెలుతురు. హాప్స్ చేదునిచ్చే పదార్థం మీద వెలుతురు పడితే గంధకం ఉన్న ఒక పదార్థం పుడుతుంది, గ్యాస్ బండ లీకైతే తెలియాలని కలిపే వాసనకి అది దగ్గరి చుట్టం. ముదురు గోధుమ రంగు సీసా ఆ వెలుతుర్ని చాలావరకు ఆపుతుంది. పచ్చ సీసా అంతగా ఆపలేదు, తెల్ల సీసా అసలు ఆపదు. ఒకసారి వేసవిలో హైవే పక్క షాపులో, పడమటి ఎండ సూటిగా పడే అరలోంచి పచ్చ సీసాలు ఆరు తెచ్చాను, మూత తీయగానే కాలిన రబ్బరు, మురిగిన ఉల్లిపాయ కలిపినట్టు గుప్పుమంది. వచ్చిన చుట్టాల ముందు ఆరూ పారబోశాం, చాలా బాధేసింది. అప్పటినుంచీ పచ్చ సీసా కావాలంటే అద్దాల ఫ్రిజ్‌లో ట్యూబులైటు కింద ముందు వరసలో నిలబెట్టినది తీసుకోను. "తమ్ముడూ, అట్టపెట్టెలోంచి తీసిస్తావా?" అని అడుగుతాను. "ఆయ్, అది కూలింగ్ ఉండదండి" అంటాడు. ఉండక్కర్లేదు, ఇంట్లో ఫ్రిజ్ ఉంది. అనుమానం ఉన్న చోట టిన్ను తీసుకోవడం మేలు, లోపలికి వెలుతురే పోదు.

సీసాని పట్టుకుని చూడాల్సినవి ఇంకొన్ని. వెలుతురుకి ఎత్తి పట్టి కొంచెం వంచండి, అడుగున పొరలా, పొట్టులా ఏదైనా లేస్తే పక్కన పెట్టేయండి, వడకట్టిన లాగర్ తేటగా ఉండాలి. పక్క సీసాలకంటే మట్టం తక్కువున్నా వద్దు. మూత అంచున తుప్పుంటే అది నీళ్లలోనో చెమ్మలోనో చాన్నాళ్లు ఉందని అర్థం, కరెంటు పోయినప్పుడు ఐసు డ్రమ్ముల్లో పడేసే చోట ఇది మామూలే. సీసా చుట్టూ తెల్లగా అరిగిన గీతలుంటే మాత్రం కంగారుపడకండి. మన దగ్గర ఖాళీ సీసాలు వెనక్కెళ్లి కడిగి మళ్లీ నింపుతారు, ఆ గీతలు సీసా వయసు, బీరు వయసు కాదు.

షాపు ఎంచుకోవడంలోనే సగం పనైపోతుంది. పెద్ద బోర్డు, ఎక్కువ రకాలు ఉన్న షాపు మంచిదని అనుకోకండి. మీకు కావలసిన ఆ ఒక్క రకం తొందరగా అమ్ముడయ్యే షాపు మంచిది. రావులపాలెం లాంటి జంక్షన్లలో, తణుకు, భీమవరం లాంటి ఊళ్లలో సరుకు త్వరగా తిరుగుతుంది. లోపలి పల్లెల్లో స్ట్రాంగ్ బీరు తిరుగుతుంది గానీ లైట్ అలాగే కూర్చుంటుంది, అక్కడ తేదీ రెండుసార్లు చూడండి. షాపులకి సరుకంతా రాష్ట్ర బేవరేజెస్ కార్పొరేషన్ డిపోల నుంచే వస్తుంది, కాబట్టి "లోడు ఏ రోజొస్తుంది?" అని అడిగి ఆ మర్నాడు వెళ్లడం అన్నిటికంటే తేలిక. లేబులు మీద ఎక్కడ తయారైందో కూడా ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా రణస్థలం దగ్గర యునైటెడ్ బ్రూవరీస్ ప్లాంటు ఉంది, అలా దగ్గర్లో తయారైనదానికి లారీలో ఎండలో గడిపే రోజులు తగ్గుతాయి. విదేశాల నుంచి ఓడెక్కి వచ్చిన సీసా ఖరీదైనది కాబట్టి బాగుంటుందనే భ్రమ వదిలేయండి, పిల్స్‌నర్ విషయంలో దూరం పెరిగితే రుచి తగ్గడమే ఎక్కువ.

కాలం కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో బీరు వచ్చింది వచ్చినట్టు అమ్ముడవుతుంది, తేదీలు చాలా తాజాగా ఉంటాయి, కాకపోతే వేడి దెబ్బ ఉంటుంది. సంక్రాంతికి కోడిపందేల రోజుల్లో షాపులు సరుకు బాగా దింపుకుంటాయి, మిగిలింది ఫిబ్రవరి, మార్చిల దాకా నడుస్తుంది. అప్పుడు జాగ్రత్త. నాకు నచ్చే కాలం నవంబరు, డిసెంబరు, వేడి తక్కువ, కాకపోతే అమ్మకం నెమ్మది కాబట్టి తేదీ చూడటం మానకూడదు.

యానాం గురించి చాలామంది అడుగుతారు. అది పుదుచ్చేరిది కాబట్టి ధరలూ రకాలూ వేరు, మన షాపుల్లో కనబడనివి అక్కడ కనబడొచ్చు. కానీ ఎక్కువ రకాలంటే నెమ్మదిగా కదిలేవి కూడా ఎక్కువే, తేదీ చూడకుండా కొనకండి. ఇంకోమాట, అక్కడ కొన్న సరుకు ఎదుర్లంక వంతెన దాటించి ఇటు తేవడం నేరం, బండి కూడా పోతుంది, ఆ పని పెట్టుకోకండి. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి అమ్మకూడదు, ఇది కూడా గుర్తుంచుకోండి. ఎక్కడ కొన్నా ఇంటికి చేరాకే మూత తీయండి, గట్ల మీద రాత్రిపూట బండి నడపడం తాగకపోయినా కష్టమే.

ఇంటికి తెచ్చాక సీసాలు నిలబెట్టి ఫ్రిజ్‌లో అడుగు అరలో పెట్టండి, తలుపు అరలో వద్దు. చల్లబడినది దారిలో కాస్త వెచ్చబడి మళ్లీ చల్లబడితే పాడైపోతుందని అంటారు, అదేం లేదు, మొత్తం మీద ఎంతసేపు వేడిలో ఉందన్నదే లెక్క. డీప్ ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే మాత్రం సీసా పగులుతుంది. గ్లాసు గాజుదై ఉండాలి, జిడ్డు, సబ్బు వాసన లేకుండా కడిగి, పోసేముందు చన్నీళ్లతో ఒకసారి తొలిపి వంచేయండి. పోశాక లోపలి గోడకి బుడగలు అంటుకుని కూర్చుంటే గ్లాసు శుభ్రంగా లేదన్నమాట. ఫ్రిజ్‌లోంచి తీసి అయిదు నిమిషాలాగి, 6, 7 డిగ్రీల దగ్గర తాగితే వాసన తెలుస్తుంది, మరీ గడ్డకట్టే చలిలో నాలుక ఏమీ పట్టదు.

పక్కన రొయ్యల వేపుడు, కారం తగ్గించి మిరియాలు వేసినది, లేదా మోరి జీడిపప్పు కొంచెం నేతిలో వేయించి ఉప్పు చల్లినది పెట్టుకోండి. ఆ కొవ్వుని హాప్స్ చేదు కడిగేస్తుంది, తర్వాతి ముక్క మళ్లీ మొదటి ముక్కలాగే ఉంటుంది. తాగిన సీసా తేదీ, షాపు పేరు ఫోన్లో రాసి పెట్టుకోండి. నాలుగైదు నెలలకి మీ చుట్టుపక్కల ఏ షాపులో ఏ రకం తాజాగా దొరుకుతుందో మీకే తెలిసిపోతుంది, ఆ షాపు కుర్రాడు కూడా మిమ్మల్ని చూడగానే తనే లేబులు తిప్పి చూపిస్తాడు.