ఆసుపత్రిలో కంప్యూటర్ – 3వ పాఠం: అడ్డదారిని చదవడం

డాక్టరు రాసినప్పటి నుంచి రోగి నోట్లో పడేదాకా ఒక మందు నడిచే దారిని గత పాఠంలో గీశాం. ఆ బొమ్మ దగ్గర పెట్టుకోండి. సిబ్బంది ఆ దారి తప్పి, అంటే అడ్డదారిలో, ఎక్కడ నడుస్తున్నారో, ఎందుకు నడుస్తున్నారో పట్టుకోవడం ఈసారి మన పని.

బార్‌కోడ్ సంగతే చూద్దాం. నర్సు ముందు రోగి చేతి పట్టీని, తర్వాత మందు పొట్లాన్ని స్కాన్ చేయాలి. రెండూ కుదిరితేనే మందు ఇవ్వాలి. అమెరికా పరిశోధకుడు రాస్ కోపెల్ బృందం ఐదు ఆసుపత్రుల్లో ఈ పద్ధతిని పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించింది. 15 రకాల అడ్డదారులు, వాటి వెనక 31 కారణాలు తేలాయి. కొన్నిచోట్ల రోగి బార్‌కోడ్‌కు నకలు తీసి మందుల బండికో గుమ్మానికో అంటించి, దాన్నే స్కాన్ చేస్తున్నారు.

వెంటనే ‘నిర్లక్ష్యం’ అని రాసుకోవాలనిపిస్తుంది. రాశారా, మీ పరిశీలన అక్కడే ఆగిపోతుంది. కారణాలు చూడండి: నలిగిపోయిన బార్‌కోడ్, చదవడానికి వీల్లేని పట్టీ, ఛార్జింగ్ అయిపోయిన స్కానర్, అందీ అందని వైర్‌లెస్, అసలు బార్‌కోడే లేని మందు. వేళకు మందు పడాలి, యంత్రమేమో ఒప్పుకోదు. మధ్యలో నలిగేది నర్సు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది రికార్డు. గుమ్మం మీది నకలును స్కాన్ చేసినా, రోగిని సరిచూసినట్టే నమోదవుతుంది. ఆ లెక్కలు చూసి పైవాళ్లు అంతా సవ్యంగా ఉందనుకుంటారు.

అందుకే ప్రతి అడ్డదారికీ మూడు వాక్యాలు రాయండి. ఏం జరిగిందని యంత్రం అనుకుంటోంది? నిజంగా ఏం జరిగింది? అడ్డుపడింది ఏమిటి? మూడో వాక్యంలో మనిషి పేరు వచ్చిందంటే ఇంకా లోపలికి వెళ్లాలన్నమాట.

అడ్డదారి కూడా మూసుకుపోయిన చోటు ఇంకా ప్రమాదం. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆసుపత్రిలో, వేరే ఆసుపత్రుల నుంచి తరలించిన పిల్లలు ఇంకా దారిలో ఉండగానే మందులకు ఆర్డర్లు సిద్ధం చేసేవారు. 2002లో మందుల ఆర్డర్లు కంప్యూటర్‌లోనే పెట్టే పద్ధతి వచ్చాక, పిల్లవాడు చేరి నమోదయ్యేదాకా ఆర్డరు పెట్టడం కుదరలేదు. మందులన్నీ కేంద్ర ఫార్మసీకి తరలించడంతో మరింత ఆలస్యం. అలా వచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని 2005లో అక్కడి డాక్టర్లే ప్రచురించారు. దాచకుండా చెప్పినందుకు వాళ్లకు వైద్యలోకం రుణపడి ఉంది. అయితే సియాటిల్ పిల్లల ఆసుపత్రి ఐసీయూలో ఇలాంటి మార్పే జరిగినా మరణాలు పెరగలేదు. కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే తప్పుపట్టి ఊరుకోకండి, దాన్ని ఎలా ప్రవేశపెట్టారో కూడా అడగండి.

అభ్యాసం: మీ బొమ్మలో ఒక్క మజిలీ ఎంచుకోండి. అనుమతి తీసుకుని ఒక గంట అక్కడ నిలబడి చూడండి. “నిబంధన పాటిస్తున్నారా?” అని అడిగితే అందరూ అవుననే అంటారు. “ఇది మొరాయించినప్పుడు ఏం చేస్తారు?” అని అడగండి. రోగుల పేర్లు, సిబ్బంది పేర్లు ఎక్కడా రాయొద్దు. పేరు రాస్తున్నారని తెలిస్తే రెండోసారి ఎవరూ నోరు విప్పరు. దొరికిన ప్రతి అడ్డదారికీ మూడు వాక్యాలు పూర్తిచేయండి. స్క్రీను మీద వచ్చే హెచ్చరికలను చదవకుండానే ఎందుకు మూసేస్తారో 4వ పాఠంలో చూస్తాం, ఈ కాగితాలు అప్పుడు కావాలి.