కొత్త లిఫ్ వయల్ తెరిచే ముందు

మా ల్యాబ్‌లో గర్భాశయం లోపలి పొర మీద పని చేస్తాం. పిండం ఆ పొరకు అతుక్కోవాలంటే అక్కడి కణాలకు ఏ సంకేతాలు అందాలి అన్నది మా ప్రశ్న. ఆ దారిలో తప్పకుండా ఎదురయ్యే ప్రోటీన్ ల్యుకేమియా ఇన్‌హిబిటరీ ఫ్యాక్టర్. అందరం లిఫ్ అనే అంటాం. లిఫ్ జీన్ లేని ఆడ ఎలుకల్లో పిండాలు బాగానే తయారవుతాయి కానీ గర్భాశయానికి అతుక్కోవు. అవే పిండాలను మామూలు ఎలుకలోకి మారిస్తే అతుక్కుంటాయి. ఈ సంగతి 1992లోనే బయటపడింది.

రీకాంబినెంట్ హ్యూమన్ లిఫ్, అంటే మనిషి జీన్‌ని వేరే కణాల్లో పెట్టి తయారు చేయించిన లిఫ్, చాలా ఖరీదు. కొత్తగా చేరిన పిల్లలు టెన్షన్ పడేదీ దాని ధర చూసే. నేను వాళ్ళకి చెప్పేదేమిటంటే, ఎక్కువ ప్రోటీన్ వృథా అయ్యేది ప్రయోగంలో కాదు, వయల్ తెరిచి కరిగించే ఆ అరగంటలోనే.

ఆర్డర్ పెట్టేటప్పుడే మనిషిదా ఎలుకదా అని లేబుల్ చూసుకోండి. మనిషి లిఫ్ ఎలుక కణాల మీద కూడా పని చేస్తుంది. ఎలుక లిఫ్ మాత్రం మనిషి రిసెప్టర్‌ని సరిగా పట్టుకోలేదు. ఇషికావా (గర్భాశయ పొర క్యాన్సర్ నుంచి వచ్చిన కణాలు) లాంటి మనిషి కణాలకు మనిషి లిఫ్ తప్పదు. ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారైన దానికి చక్కెర గొలుసులు ఉండవు కాబట్టి జెల్‌లో సుమారు 20 కిలోడాల్టన్ల దగ్గర కనిపిస్తుంది. శరీరంలో తయారయ్యేది అంతకన్నా చాలా పైన ఉంటుంది. సైజు తేడా చూసి కంగారు పడకండి, చక్కెరలు లేకపోయినా పని చేస్తుంది.

వయల్‌ని ఫ్రీజర్ నుంచి తీయగానే మూత తిప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగండి. లేకపోతే గాలిలోని తేమ లోపలికి చేరి పొడికి పడుతుంది, ముఖ్యంగా వానాకాలంలో. 50 మైక్రోగ్రాముల పొడి కంటికి దాదాపు కనిపించదు. వయల్ ఖాళీగా వచ్చిందనిపిస్తుంది. అది గోడకో మూత లోపలో అంటుకుని ఉంటుంది. అందుకే తెరిచే ముందు సెంట్రిఫ్యూజ్‌లో ఒక చిన్న స్పిన్ ఇవ్వండి.

కరిగించడానికి 0.1 శాతం బీఎస్‌ఏ (ఆవు సీరమ్‌లోని ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపిన స్టెరైల్ పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉప్పు ద్రావణం) 500 మైక్రోలీటర్లు వాడతాను. కంపెనీ కాగితంలో వేరే బఫర్ రాసి ఉంటే దాన్నే పాటించండి. ద్రవాన్ని గోడల వెంట మెల్లగా వదిలి, చేత్తో నెమ్మదిగా తిప్పి, పది పదిహేను నిమిషాలు వదిలేయండి. మజ్జిగ చిలికినట్టు వోర్టెక్స్ మెషీన్ మీద గట్టిగా కుదపకండి, నురగ వస్తే ప్రోటీన్ పాడవుతుంది. ఇప్పుడు స్టాక్ మిల్లీలీటరుకి 100 మైక్రోగ్రాములు. బీఎస్‌ఏ ఎందుకంటే, ఇంత పల్చటి ప్రోటీన్ ప్లాస్టిక్ గోడలకు అతుక్కుపోతుంది, దాని బదులు బీఎస్‌ఏ అతుక్కుంటుంది. ఫిల్టర్ చేయాలంటే బీఎస్‌ఏ కలిపిన పీబీఎస్‌నే ముందుగా చేసుకోండి. లిఫ్ కలిపాక ఫిల్టర్ చేస్తే కొంత ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది.

వెంటనే 10 మైక్రోలీటర్ల చొప్పున లో-బైండ్ (ప్రోటీన్ తక్కువగా అతుక్కునే) ట్యూబుల్లోకి పంచండి. ఇలా పంచిన ఒక్కో వాటానే ఆలికాట్ అంటాం. ఒక్కో దాంట్లో ఒక మైక్రోగ్రాము ఉంటుంది. లాట్ (కంపెనీ ఒక విడతలో తయారు చేసిన సరుకు) నంబర్, తేదీ, గాఢత రాసి మైనస్ 80లో పెట్టండి. దానంతట అదే మంచు కరిగించుకునే ఫ్రీజర్ వద్దు, లోపల వేడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఒకసారి కరిగించిన ట్యూబ్‌ని మళ్ళీ గడ్డ కట్టించకండి.

లెక్క దగ్గర చాలామంది తడబడతారు. కణాలు పెంచే ప్లేట్‌లోని 2 మిల్లీలీటర్ల వెల్‌లో (గుంటలో) మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు కావాలంటే స్టాక్ నుంచి 0.2 మైక్రోలీటర్లు తీయాలి. ఏ పిపెట్‌తోనూ అది నమ్మకంగా కుదరదు. అందుకని ఒక ఆలికాట్‌కి 990 మైక్రోలీటర్ల మీడియం కలిపి, అందులోంచి వెల్‌కి 20 మైక్రోలీటర్లు వేయండి. పోల్చి చూసే కంట్రోల్ వెల్‌కి లిఫ్ లేకుండా అదే బఫర్, అంతే పల్చన చేసి, అంతే పరిమాణంలో వేయాలి.

అసలు ప్రయోగానికి ముందు లిఫ్ బతికుందో లేదో చూసుకోండి. ఈ పనికి ఒక్క రోజు కేటాయించమని గట్టిగా అడుగుతాను. రాత్రంతా సీరమ్ లేకుండా ఉంచిన కణాలకు లిఫ్ ఇచ్చి 0, 15, 30, 60 నిమిషాలకు లైసేట్ (కణాలను పగలగొట్టిన ద్రవం) తీయండి. లిఫ్ సంకేతం అందితే కణంలోని స్టాట్3 అనే ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ చేరుతుంది, దాన్నే వెస్టర్న్ బ్లాట్ (యాంటీబాడీతో ప్రోటీన్‌ని బ్యాండ్‌గా చూసే పరీక్ష)లో చూస్తాం. సీరమ్ ఉంటే అదే స్టాట్3ని రేపి కంట్రోల్‌ని చెడగొట్టవచ్చు. కణాలను పగలగొట్టే లైసిస్ బఫర్‌లో, ఆ ఫాస్ఫేట్ ఊడిపోకుండా ఆపే ఫాస్ఫటేజ్ ఇన్‌హిబిటర్ మర్చిపోవద్దు. ఫాస్ఫో-స్టాట్3 టైరోసిన్ 705 (ఫాస్ఫేట్ చేరే చోటు) బ్యాండ్ 15, 30 నిమిషాల దగ్గర ముదురుగా రావాలి. ఆ తర్వాత తగ్గితే మంచి లక్షణమే, ఈ సంకేతాన్ని ఆపే సాక్స్3 అనే ప్రోటీన్ వచ్చి బ్రేక్ వేస్తోందన్నమాట. పక్కన మొత్తం స్టాట్3 లేకుండా ఆ వెస్టర్న్‌ని నేను ఒప్పుకోను. ఇంకో వెల్‌లో లిఫ్‌ని అడ్డుకునే యాంటీబాడీ కూడా కలపండి. అయినా బ్యాండ్ అలాగే ఉంటే ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా నుంచి వచ్చే విషపదార్థం) లాంటి మలినాన్ని అనుమానించాలి.

లేబుల్ మీద పరిశోధనకు మాత్రమే అని ఉంటుంది. దాన్ని అక్షరాలా పాటించండి. పదేపదే పిండం అతుక్కోని మహిళలకు రీకాంబినెంట్ లిఫ్ ఇచ్చి చేసిన క్లినికల్ ట్రయల్ ఫలితం 2009లో వచ్చింది. గర్భం నిలిచే అవకాశం పెరగలేదు. ఎలుకల్లో అంత స్పష్టంగా కనిపించినది మనుషుల్లో ఎందుకు కుదరలేదో ఇంకా వెతకాల్సే ఉంది. పిల్లల కోసం ఎదురుచూస్తున్న చుట్టాలెవరైనా అడిగితే నేను ఈ మాటే చెబుతాను.

కొత్త లాట్ రాకముందే పాత లాట్‌వి రెండు ఆలికాట్లు పక్కన పెట్టండి. రెండు లాట్లనూ ఒకే రోజు, ఒకే ప్లేట్‌లో, ఒకే జెల్ మీద పోల్చండి. బ్యాండ్ తేడాగా ఉంటే కొత్త లాట్‌కి డోస్ మళ్ళీ కుదుర్చుకున్నాకే ప్రయోగం మొదలుపెట్టండి.