సస్పెన్షన్ బుష్‌లు మనమే మార్చుకుందాం – 3వ పాఠం: బోల్టు ఎప్పుడు బిగించాలి?

కిందటి పాఠంలో లోయర్ ఆర్మ్‌ని (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేయి) ప్రై బార్ అనే పొడవాటి ఇనుప కడ్డీతో కదిపి, ఏ బుష్ (ఆ ఆర్మ్ బాడీకి కలిసే చోట ఉండే రబ్బరు కీలు) పోయిందో పట్టుకున్నాం. ఈసారి దాన్ని మార్చేద్దాం.

జాకీ ముట్టుకోకముందే ఒక చిన్న పని ఉంది. కారు చదునైన నేల మీద ఉండగా, చక్రం నడిమధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. నా టూ సీటర్‌కి ఎడమ వైపు 352 మిల్లీమీటర్లు వచ్చింది. మాస్కింగ్ టేపు ముక్క మీద రాసి ఫెండర్‌కే అంటించాను. దీంతో పనేమిటో కాసేపట్లో తెలుస్తుంది.

తర్వాత కారును స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కిందకి దూరొద్దు. బెంగళూరులో, మా మారతహళ్ళి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నేల చూడటానికి చదునుగానే ఉంటుంది కానీ, గోళీ వేస్తే డ్రైనేజీ వైపు దొర్లిపోయింది. మీరూ ఓ గోళీ వేసి చూసుకోండి.

ఆర్మ్ ఊడి చేతికొచ్చాక పాత బుష్‌ని బాగా చూడండి. కొన్నిటి రబ్బరులో నెలవంకల్లాంటి ఖాళీలుంటాయి. అవి ఏ దిక్కున ఉన్నాయో ఆర్మ్ మీద తెల్ల పెయింట్‌తో గీత పెట్టుకోండి. కొత్తది దిక్కు తప్పి కూర్చుంటే మెత్తగా ఉండాల్సిన వైపు గట్టిగా, గట్టిగా ఉండాల్సిన వైపు మెత్తగా తయారవుతుంది.

బుష్ తీయడం మాత్రం ప్రెస్ (బలంగా నొక్కే యంత్రం) ఉన్నచోటే. నేను జేసీ రోడ్డు పక్క సందులో ఒక లేత్ షాపుకి పట్టుకెళ్లాను. నా సంచిలో సుత్తి చూసి, "దాన్ని లోపలే ఉంచన్నా, ఇది అల్యూమినియం" అన్నాడు కుర్రాడు. బుష్ బయటి గొట్టం అంచుకి సరిగ్గా సరిపోయే ఇనుప కప్పు వెతికి పెట్టాడు. రబ్బరు మీద ఒత్తిడి పడకూడదు, గొట్టం మీదే పడాలి. కాసేపు ఏమీ కదల్లేదు. ఉన్నట్టుండి టప్పున శబ్దం వచ్చి బుష్ జారింది. కొత్తది ఎక్కించేటప్పుడు సబ్బునీళ్లు రాయండి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. బుష్ మధ్యలోంచి పోయే బోల్టు బిగించగానే లోపలి గొట్టం బ్రాకెట్‌కి పట్టేస్తుంది. ఆర్మ్ పైకీ కిందకీ ఆడినప్పుడల్లా రబ్బరే మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగా బిగించారనుకోండి, కారు నేలకి దిగాక కదలకుండా నిలబడి ఉన్నా ఆ రబ్బరు పిండిన తువ్వాల్లాగే ఉంటుంది. మొదటిసారి నేను చేసింది అదే. ఏడాది తిరక్కుండా కొత్త బుష్‌లు చిరిగాయి. కొన్నాళ్లపాటు స్పీడ్ బ్రేకర్లని తిట్టుకున్నాను కూడా.

అందుకని బోల్టుని ముందు చేత్తో తిప్పి వదిలేయండి. ఆర్మ్ చివర, చక్రం వైపు ఉండే బాల్ జాయింట్ దగ్గర జాకీ పెట్టి, టేపు మీది అంకె వచ్చేదాకా నెమ్మదిగా ఎత్తండి. అప్పుడే టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చెప్పే రెంచ్) మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి. యాంగిల్ లెక్కతో (చివర్లో ఇంకా ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెబుతుంది) బిగించే బోల్టయితే కొత్తది వేయాల్సిందే. తేలిక కార్లలో ఆ అంకె రాకముందే బాడీ స్టాండ్ మీద నుంచి లేవొచ్చు. లేస్తే వెంటనే దించేసి, చక్రాలు ర్యాంపుల మీదకి ఎక్కించి బిగించండి.

రబ్బరుకి బదులు వేసే గట్టి పాలీయురెథేన్ బుష్‌లకి ఈ తంటా లేదు, లోపలి గొట్టం వాటిలో స్వేచ్ఛగా తిరుగుతుంది. కానీ సిలికాన్ గ్రీజు తగ్గితే కిర్రుకిర్రుమంటాయి, ప్రతి గుంతా నడుముకి తెలుస్తుంది. రోజూ సిల్క్ బోర్డు జంక్షన్ మీదుగా ఆఫీసుకెళ్లే కారుకి నేనైతే రబ్బరే వేస్తాను.

రెండో వైపు మొదలుపెట్టేముందు అక్కడా విడిగా కొలవండి. నాకు కుడి వైపు 349 వచ్చింది. వీల్ అలైన్‌మెంట్ సంగతి 4వ పాఠంలో.