విజయవాడ నుంచి ఆటపాక పక్షుల కేంద్రానికి: ఒక్క పూట ప్రయాణం

కొల్లేరు అభయారణ్యంలో సామాన్యులు తేలిగ్గా చూడగలిగే చోటు కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. గూళ్ల మీద పక్షులు మధ్యాహ్నమూ ఉంటాయి గానీ, ఎండెక్కితే నీటి మీద సెగ లేచి బైనాక్యులర్‌లో బొమ్మ వణుకుతుంది. అందుకే విజయవాడలో చీకటితోనే బయలుదేరాలి. పడవలు ఎన్నింటికి మొదలవుతాయో ముందురోజే అటవీశాఖ వాళ్లను అడగండి.

కారైతే కంకిపాడు, గుడివాడ మీదుగా వెళ్లండి. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్యగా పోతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పెద్ద వానల తర్వాత దాని మీదకు నీళ్లొస్తాయి, నమ్ముకోవద్దు. రైలైతే గుడివాడ, భీమవరం లైన్లో కైకలూరులో దిగి ఆటో ఎక్కితే సరి. టిఫిను, బాత్రూము పనులు ఊళ్లోనే ముగించండి. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి.

బైనాక్యులర్ 8x42 (8 రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మి.మీ.) చాలు. 10x తెస్తే పడవ ఊగినప్పుడల్లా పక్షి చేజారిపోతుంది. ఎగిరే పక్షిని ఫొటో తీయాలంటే షట్టర్ వేగం 1/1600 సెకనుకు తగ్గనివ్వకండి, ఇంజను అదురుకు కూడా అదే మందు. సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా కూర్చోండి. అంచున్న టోపీ తప్పనిసరి, ఎండకన్నా రెట్టల కోసం. తెలుపు, ఎరుపు బట్టలు వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు.

లైఫ్ జాకెట్ బకిల్ పెట్టుకున్నాకే పడవెక్కండి. పక్షి కనబడగానే అందరూ ఒకే పక్కకు లేచారంటే పడవ ఒరుగుతుంది.

చెరువులో నాటిన ఇనప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్‌లు) గూళ్లు కడతాయి. వీటినే చాలామంది సైబీరియా పక్షులంటారు. నిజానికి రెండూ మన దక్షిణాసియావే. చలికాలంలో ఉత్తరాది నుంచి నిజంగా వలస వచ్చేవి సూదితోక బాతుల్లాంటివి, అవి గూళ్ల దగ్గర కాదు, ఖాళీగా ఉన్న నీటి మీద కనబడతాయి.

స్టాండు దగ్గరికి పోనివ్వమని పడవ నడిపేవాళ్లను బతిమాలకండి. తల్లి లేచిపోతే ముందు వచ్చేది కాకి, గుడ్డు పోతుంది. ఈకలు మొలవని పిల్లయితే కాసేపు ఎండ తగిలినా చాలు, చచ్చిపోతుంది. చప్పట్లు, ఈలలు, డ్రోన్లు అందుకే కూడదు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అభయారణ్యంలో గూడు కదిపినా, గుడ్డు ముట్టుకున్నా నేరమే. పక్షులు మెడలు నిక్కించి ఒక్కసారిగా కదలకుండా నిలబడ్డాయంటే మీరు అప్పటికే దగ్గరికొచ్చేశారని అర్థం. ఇంజను ఆపించి, తెడ్డుతో వెనక్కి జరగమనండి.