పెళ్లికొచ్చినవాళ్లకు ఊరు చూపించే కాగితం

చెల్లెలి పెళ్లప్పుడు నేను పద్నాలుగు చోట్లతో పెద్ద జాబితా రాసి చుట్టాలందరికీ ఫోన్‌లో పంపాను. దాన్ని నమ్మి బయల్దేరింది ఒక్క కుటుంబం. వాళ్లూ మ్యూజియం గేటుకున్న తాళం చూసి వెనక్కొచ్చారు. సోమవారం సెలవని నేను రాయలేదు మరి. అన్నయ్య కూతురి పెళ్లికి ఒక్క పేజీయే చేశాను. అది పనికొచ్చింది.

చోట్ల సంగతి తర్వాత, ముందు ఖాళీ గంటలు లెక్కపెట్టండి. పెళ్లి కార్యక్రమాలన్నీ వేళలతో సహా రాసుకుంటే మధ్యలో ఏం మిగిలిందో కనిపిస్తుంది. నాలుగు గంటలు ఖాళీ ఉందనుకుందాం. తిరిగొచ్చి తయారవడానికి గంటన్నర, రానూపోనూ గంటన్నర తీసేస్తే చూడ్డానికి మిగిలేది గంటే. ఆ గంటలో అయ్యే చోటే రాయాలి. ప్రయాణానికి మీ అలవాటు లెక్క వేయకండి, మీకు సందులన్నీ తెలుసు, వాళ్లకు తెలియవు. గూగుల్ మ్యాప్స్‌లో బయల్దేరే రోజు, టైం పెట్టి చూస్తే ఆ వేళకు ఎంత పట్టొచ్చో చూపిస్తుంది.

ప్రతి చోటు పక్కనా సెలవు రోజు, ఎంత నడక, ఎన్ని మెట్లు, టాయిలెట్ ఉందా అన్నవి రాయండి. చరిత్ర రెండు ముక్కలు చాలు. నేను ఒక చోట “దగ్గరే” అని రాసి ఊరుకున్నాను. మోకాళ్ల నొప్పులున్న మా పెద్దనాన్న అరవై మెట్లెక్కి, పైనుంచి ఫోన్ చేశారు: “దగ్గరే గానీ, పైకి దగ్గరని చెప్పలేదేంరా?”

వాన పడినా, ఎండ మండినా వెళ్లగలిగే చోటు ఒకటి ఉండాలి.

ఇక తిండి. పెళ్లి భోజనాలు ఎలాగూ ఉంటాయి కాబట్టి బయట తినాల్సొచ్చేది అర్ధరాత్రి దిగినవాళ్లు, తెల్లారకుండానే ఆకలంటూ లేచే పిల్లలు, మర్నాడు సాయంత్రం బండెక్కేవాళ్లు. ఈ మూడు వేళలకీ తలా ఒక హోటలు చాలు. అయితే మీరు ముందే అదే వేళకి వెళ్లి తిని చూడండి. మధ్యాహ్నం ప్రశాంతంగా ఉన్న చోటే రాత్రి పాటల హోరులో పక్కవాళ్ల మాట వినపడకపోవచ్చు. మూసే టైం కాదు, చివరి ఆర్డర్ ఎప్పటిదాకా తీసుకుంటారో అడగండి. వంటగది ముందే ఆపేస్తారు. పన్నెండు మంది ఒకేసారి వస్తే కూర్చోబెట్టగలరా అనేదీ కనుక్కోండి.

అలర్జీల విషయంలో మాత్రం మీరు హామీ ఇవ్వకండి. పల్లీలు వేయని వంటకమే అయినా, పల్లీలు వేయించిన నూనెలోనే దాన్నీ వేయించి ఉండొచ్చు. హోటల్ నంబరు రాసిపెట్టండి, తినేవాళ్లే అడుగుతారు.

కాగితాన్ని పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గదుల్లో పెట్టండి, ఫోన్‌కీ పంపండి. బస అడ్రసు స్థానిక భాషలో కూడా ఉంటే డ్రైవర్‌కి చూపించడం తేలిక. కింద ఒక ఫోన్ నంబరు ఉండాలి, అది పెళ్లిలో ఏ బాధ్యతా లేనివాళ్లది కావాలి. మొదటిసారి నా నంబరే ఇచ్చాను. అందరం ఫొటోకి నిలబడ్డాక “పార్కింగ్ ఎక్కడ?” అంటూ ఏడు కాల్స్ వచ్చాయి. ఆల్బమ్‌లో ఆ ఫొటో తిప్పితే, అందరూ కెమెరా వైపు చూస్తుంటే నేనొక్కడినే ఫోన్ చెవిలో పెట్టుకుని ఉంటాను.