మన కారు మన చేతుల్లో – 4వ పాఠం: సింథటిక్ ఆయిలా, మామూలు ఆయిలా?

పోయిన పాఠంలో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం చూడటం నేర్చుకున్నాం. బండిని చదునైన చోట నిలిపి, ఇంజిన్ ఆపి పది నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడమన్నాను. ఈపాటికి మీరు రెండు మూడుసార్లు చూసే ఉంటారు. మట్టం తగ్గిందనో, మార్చే సమయం వచ్చిందనో తెలిశాక షాపుకు వెళ్తాం. అక్కడ మొదటి ప్రశ్నే "సింథటిక్ ఇవ్వమంటారా, మామూలుది ఇవ్వమంటారా?" అని. రెండింటి ధర చూడగానే టెన్షన్ మొదలవుతుంది. ఆ కౌంటరు ముందు తడబడకుండా జవాబు చెప్పగలగాలి, ఈ పాఠం పని అదే.

ముందుగా కారు మాన్యువల్ బయటికి తీయండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్సులో కవరు కూడా చింపకుండా పడి ఉంటుంది. వెనక పేజీల్లో ఇంజిన్ ఆయిల్ గురించి ఒక పట్టిక ఉంటుంది. ఏ గ్రేడు, ఏ నాణ్యతా ప్రమాణం, ఎన్ని లీటర్లు అనే మూడు సంగతులు అందులో రాసి ఉంటాయి. ఆ పేజీని ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి. 'సింథటిక్' అన్న మాట అక్కడ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఏముందన్నది కాదు, ఈ మూడూ కుదిరాయా లేదా అన్నదే అసలు లెక్క. కొత్త కార్లకైతే చాలాసార్లు గ్రేడు చూడగానే సింథటిక్ ప్రశ్న కూడా తేలిపోతుంది.

గ్రేడు అంటే ఆయిల్ చిక్కదనం. 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 అని రాస్తారు. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. దాని ముందున్న అంకె చల్లటి ఇంజిన్లో ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. అంకె ఎంత తక్కువైతే అంత సులువు. వెనకున్న అంకె ఇంజిన్ బాగా వేడెక్కాక, అంటే 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. ఈమధ్య వచ్చిన చిన్న పెట్రోల్ కార్లలో ఎక్కువగా 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 కనిపిస్తాయి. కొన్నింటికి 0డబ్ల్యూ-16 కూడా అడుగుతారు.

"మన తిరుపతిలో చలి ఎక్కడుంది, ఆ ముందంకెతో మనకేం పని?" అని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించింది. నాలుగేళ్ల కిందట, ఉచిత సర్వీసులు అయిపోయాక నా కారును ఊళ్లోని ఒక గ్యారేజీకి తీసుకెళ్లాను. మెకానిక్ కుర్రాడు డబ్బా తీస్తూ, "న్నా, మన ఎండలకి ఆ నీళ్లలాంటి ఆయిల్ నిలబడదు. చిక్కంది పోస్తా, ఇంజిన్ చల్లగా ఉంటాది. ఎన్ని బండ్లకి పోసింటామో!" అన్నాడు. నిజంగా నా మేలు కోరే చెప్పాడు. నేను మాన్యువల్ చూడకుండానే సరేనన్నాను. 5డబ్ల్యూ-30 పోయాల్సిన ఇంజిన్లోకి 20డబ్ల్యూ-50 వెళ్లింది. మర్నాటి నుంచి పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సెకన్ల పాటు టకటకమనే చప్పుడు. మైలేజీ కూడా కొంచెం పడిపోయింది. సరైన ఆయిల్ పోయించాక ఆ చప్పుడు పోయింది.

ఎండకు చిక్కటి ఆయిల్ కావాలన్న ఆ లెక్కలో పొరపాటు ఎక్కడుందో చూద్దాం. మే నెలలో మన దగ్గర బయట 42 డిగ్రీలున్నా, డిసెంబరులో 20 ఉన్నా, వేడెక్కిన ఇంజిన్లో ఆయిల్ దాదాపు 90 నుంచి 110 డిగ్రీల మధ్యే తిరుగుతుంది. థర్మోస్టాట్, రేడియేటర్ కలిసి ఆ వేడిని అదుపులో పెడతాయి. ఇంజిన్ తయారుచేసినవాళ్లు వెనకంకెను ఆ వేడిని దృష్టిలో పెట్టుకునే ఎంచారు. అసలు ఇబ్బంది స్టార్ట్ చేసే క్షణంలో ఉంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఆయిల్ కిందికి జారి, ఇంజిన్ అడుగున తొట్టిలా ఉండే సంప్‌లో చేరుతుంది. స్టార్ట్ చేయగానే పంపు దాన్ని పైదాకా తోయాలి. అది చేరేలోపు లోహం లోహానికి రాసుకుంటుంది, ఇంజిన్ అరుగుదలలో పెద్ద భాగం అప్పుడే జరుగుతుంది. 40 డిగ్రీల దగ్గర, అంటే మన వేసవి మధ్యాహ్నం వేడిలో కూడా, 20డబ్ల్యూ-50 ఆయిల్ 0డబ్ల్యూ-20 కన్నా మూడు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. పైగా కొత్త ఇంజిన్లలో ఆయిల్ దారులు సన్నం. వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం కూడా ఆయిల్ ఒత్తిడితోనే నడుస్తుంది. కాబట్టి చలి లేని ఊరికి కూడా ముందంకె కావాలి.

కొన్ని మాన్యువళ్లలో రెండు గ్రేడులు ఇస్తారు, బయటి వేడిని బట్టి ఏది వాడొచ్చో పట్టిక కూడా ఉంటుంది. అప్పుడు ఎంచుకునే స్వేచ్ఛ మీదే. ఎప్పుడూ నిండా మనుషులతో, సామానుతో దూరాలు తిరిగే బండి అయితే నేను ఆ రెండింట్లో వెనకంకె ఎక్కువున్నది తీసుకుంటాను. పట్టికలో లేని గ్రేడు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

ఇక సింథటిక్ సంగతి. మన జిల్లాలో చెనిక్కాయలు తెలియని ఇల్లు ఉండదు కాబట్టి వాటితోనే చెబుతాను. కళ్లంలో రాల్చిన కాయల్ని అలాగే మూటగడితే అందులో గట్టి కాయ, పిందె, తాలు, మట్టిపెళ్ల అన్నీ ఉంటాయి. జల్లించి, తూర్పారబట్టి కొంత శుభ్రం చేయొచ్చు గానీ మొత్తం ఒకే సైజుకు రాదు. మామూలు ఆయిల్, అంటే మినరల్ ఆయిల్, ఇలాంటిదే. ముడిచమురును శుద్ధి చేస్తే వస్తుంది. అందులో అణువులు చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. చిన్నవి వేడికి ఆవిరైపోతాయి, అందుకే మట్టం తగ్గుతుంది. మైనం లాంటివి చల్లబడితే గడ్డకట్టే వైపు పోతాయి. నిలకడలేనివి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మడ్డిగా మారతాయి. సింథటిక్ ఆయిల్ అంటే విత్తనానికి ఏరిన కాయల్లాగా, దాదాపు ఒకే తీరు అణువులతో తయారైనది. అందుకే వేడికి తొందరగా ఆవిరి కాదు, తొందరగా మడ్డి కట్టదు, చల్లగా ఉన్నా సులువుగా పారుతుంది.

ఇందులో ఇంకో చిన్న సంగతి ఉంది. ఇప్పుడు మార్కెట్లో 'ఫుల్ సింథటిక్' అని అమ్మే ఆయిళ్లలో చాలావాటి మూలం కూడా ముడిచమురే. హైడ్రోజన్‌తో ఎక్కువ ఒత్తిడిలో అణువుల్ని విరిచి, సరిచేసి తయారుచేస్తారు. ఈ రకాన్ని గ్రూప్ 3 అంటారు. రసాయనికంగా ఒక్కో అణువునూ కూర్చి చేసేవి గ్రూప్ 4, వాటి ధర ఇంకా ఎక్కువ. గ్రూప్ 3 అని తెలిసి మోసపోయామని బాధపడొద్దు, మామూలు కార్లకు అది మంచి ఆయిలే. 'సెమీ సింథటిక్' అన్నది మాత్రం వదులైన మాట. రెండూ కలిపామని అర్థం, ఏది ఎంత కలిపారో డబ్బా చెప్పదు.

0డబ్ల్యూ-20, 0డబ్ల్యూ-16 గ్రేడుల్ని మామూలు మినరల్ ఆయిల్‌తో తయారుచేయడం ఆచరణలో కుదరదు. అంత పల్చగా పారాలి, అయినా వేడికి ఆవిరి కాకూడదు. కాబట్టి మీ మాన్యువల్లో 0డబ్ల్యూ అని ఉంటే మీ ప్రశ్నకు అక్కడే జవాబు దొరికింది, మీరు కొనేది సింథటిక్కే. ఆలోచించాల్సింది 5డబ్ల్యూ-30 వాళ్లు. ఆ గ్రేడులో సెమీ సింథటిక్ కూడా దొరుకుతుంది.

వాళ్లు తర్వాత చూడాల్సింది నాణ్యతా ప్రమాణం. డబ్బా వెనక ఒక గుండ్రటి ముద్రలో 'ఏపీఐ సర్వీస్' అని ఉంటుంది. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే గుర్తు అది. పెట్రోల్ ఇంజిన్లవి 'ఎస్' తో మొదలవుతాయి, రెండో అక్షరం ముందుకు వెళ్లేకొద్దీ కొత్త ప్రమాణం. 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి. మాన్యువల్ ఎస్ఎన్ అడిగితే ఎస్‌పీ పోయొచ్చు, ఎస్‌పీ అడిగితే ఎస్ఎన్ పోయకూడదు. ఎస్‌పీ సెమీ సింథటిక్, పాత ఎస్ఎన్ ఫుల్ సింథటిక్ పక్కపక్కన ఉంటే, ఎస్‌పీ అడిగే ఇంజిన్‌కు నేను మొదటిదే తీసుకుంటాను.

టర్బో (పొగ తిప్పే చక్రంతో ఇంజిన్లోకి ఎక్కువ గాలి నెట్టే ఏర్పాటు) ఉన్న పెట్రోల్ కారు వాళ్లకు ఈ ఎస్‌పీ ఎందుకు ముఖ్యమో చెప్పడానికి కొండకు వెళ్లే దారి కన్నా మంచి ఉదాహరణ లేదు. అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కుతున్నాం అనుకోండి. ముందు బస్సు, నెమ్మదిగా కదులుతోంది. నలుగురు మనుషులు, ఏసీ. గేరు మార్చడానికి బద్ధకించి నాలుగో గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది, బరువు మాత్రం చాలా మోస్తోంది. సిలిండర్లోకే నేరుగా పెట్రోల్ చిమ్మే టర్బో ఇంజిన్లలో సరిగ్గా ఈ స్థితిలోనే స్పార్క్ రాకముందే మంట అంటుకోవచ్చు. ఒక్క దెబ్బకు పిస్టన్ పగిలిన సందర్భాలు ఉన్నాయి. సిలిండర్ గోడ మీది ఆయిల్ చుక్కలు పెట్రోల్‌తో కలిసి దీనికి కారణమవుతాయి, ఆయిల్లో కలిపే కాల్షియం మందులు దాన్ని ఇంకా పెంచుతాయి. అందుకే 2018లో ఎస్ఎన్ ప్లస్, తర్వాత ఎస్‌పీ ప్రమాణాల్లో దీనికి పరీక్ష పెట్టారు. తయారీదారులు కాల్షియం తగ్గించి మెగ్నీషియం వైపు మళ్లారు. సరైన ఆయిల్ ఉన్నా సరే, ఘాట్‌లో గేరు దించి ఇంజిన్‌ను కాస్త వేగంగా తిరగనివ్వండి. కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాల కన్నా తక్కువ పట్టకూడదని నిబంధన ఎలాగూ ఉంది, తొందరపడి చేసేదేమీ లేదు.

పైకి చేరాక టర్బో బండి ఇంజిన్‌ను గబుక్కున ఆపేయొద్దు. టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, ఎర్రగా కాలిన పొగ దాన్ని తిప్పుతుంది. ఇంజిన్ ఆపితే ఆయిల్ ప్రవాహం ఆగి, అక్కడ నిలిచిన ఆయిల్ బొగ్గులా మాడుతుంది. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచండి. ఈ వేడిని మినరల్ ఆయిల్ కన్నా సింథటిక్ ఎక్కువగా తట్టుకుంటుంది. మీది టర్బో అయితే, మాన్యువల్ సెమీకి ఒప్పుకున్నా సరే, నా సలహా ఫుల్ సింథటిక్కే.

డీజిల్ వాళ్లకు ఒక హెచ్చరిక. 2020 ఏప్రిల్ 1 నుంచి బండ్ల పొగకు బీఎస్6 అనే ప్రమాణం అమల్లోకి వచ్చింది. ఆ డీజిల్ కార్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆయిల్ కాలినప్పుడు మిగిలే బూడిద దాన్ని మూసేస్తుంది, అది మసిలాగా కాలిపోదు. అందుకే వీటికి బూడిద తక్కువ ఇచ్చే ఆయిల్ కావాలి. మాన్యువల్లో ఏసీఈఏ (యూరప్ కార్ల తయారీదారుల సంఘం) ఇచ్చే సీ2, సీ3 లాంటి గుర్తులు ఉంటాయి. చిత్తూరులో మామిడికాయల లోడు లాగే పాత లారీకి పోసే ఆయిల్ ఎంత మంచిదైనా దీనికి పనికిరాదు. ఆ ఫిల్టర్ మార్చాల్సి వస్తే అయ్యే ఖర్చుతో జీవితకాలం ఆయిల్ కొనుక్కోవచ్చు.

మరి సింథటిక్ పోశాం కదా అని రెండేళ్లు వదిలేయొచ్చా? వద్దు. చాలా కార్లకు 10,000 కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. ఊళ్లో రెండు మూడు కిలోమీటర్లు మాత్రమే తిరిగే బండిలో ఆయిల్ పూర్తిగా వేడెక్కదు. మండేటప్పుడు పుట్టిన తేమ, కాలని పెట్రోల్ అందులోనే మిగిలిపోతాయి. సింథటిక్ అయినా దీనికి మినహాయింపు లేదు. ఘాట్ రోడ్లు, దుమ్ము, ట్రాఫిక్, చిన్న ప్రయాణాలు ఎక్కువైతే ఇంకా ముందే మార్చమని మాన్యువల్ విడిగా చెబుతుంది. ఆ పేరా కూడా చదవండి.

మా మామగారి దగ్గర కార్బ్యురేటర్ కాలం నాటి కారు ఒకటి ఉంది. దాని మాన్యువల్ 20డబ్ల్యూ-40 అడుగుతుంది. ఆయన మామూలు మినరల్ ఆయిల్ పోసి, సమయానికి మారుస్తారు, బండి హాయిగా నడుస్తోంది. దానికి సింథటిక్ పోయాల్సిన పని లేదు.

ఖర్చు ఒకసారి లెక్కేద్దాం. లీటరుకు 300 రూపాయల తేడా అనుకుందాం. చిన్న కారుకు మూడున్నర లీటర్లు పడితే ఏడాదికి 1,050 రూపాయలు, నెలకు 90 కూడా కాదు. లక్షలు పోసి కొన్న కారుకు ఈ డబ్బు దగ్గర వెనకాడొద్దని నా మాట.

ఒకవేళ రాత్రిపూట పలమనేరు దగ్గర ఆయిల్ కనీస గీత కిందికి పోయింది, మీ రకం దొరకలేదు అనుకోండి. మినరల్, సింథటిక్ ఒకదానితో ఒకటి కలుస్తాయి, విరిగిపోవు. దగ్గరి గ్రేడుది ఏదైనా అర లీటరు పోసుకుని ఇల్లు చేరండి, తర్వాత మార్పించండి. ఆయిల్ లేకుండా నడపడం కన్నా అది వెయ్యి రెట్లు నయం.

కొనేటప్పుడు సీలు మీ కళ్ల ముందే విప్పించండి. పని అయ్యాక ఖాళీ డబ్బాలు ఇంటికి తెచ్చుకోండి, లేదా అక్కడే అడుగున చిల్లు పెట్టించండి. మంచి డబ్బాలో నాసిరకం నింపి అమ్మేవాళ్లకు కావాల్సింది ఆ ఖాళీ డబ్బాలే. బిల్లు మీద గ్రేడు, ప్రమాణం రాయించుకోండి. వారంటీలో ఏదైనా తగాదా వస్తే మీ చేతిలో ఉండే ఆధారం అదే.

వచ్చే పాఠం లోపు మీరు చేయాల్సిన పని ఇది. మాన్యువల్లోని గ్రేడు, ప్రమాణం, లీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అంటించండి. పోయినసారి సర్వీసు బిల్లు వెతికి, అందులో రాసిన ఆయిల్‌ను ఆ చీటీతో పోల్చండి. రెండూ వేరుగా ఉంటే కంగారు పడొద్దు, ఈసారి మార్చేటప్పుడు సరైనది అడిగితే చాలు. 5వ పాఠంలో ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు, దాని వాషర్ గురించి చూద్దాం. పాత బట్ట ఒకటి, వెడల్పాటి బేసిన్ ఒకటి సిద్ధంగా పెట్టుకోండి.